ఎనిమిది మూలల బోను

ఆ ఉదయం రేవతి ప్లాను చాలా సులువు. విడవలూరులో తొమ్మిదింటి బస్సెక్కడం, నెల్లూరు కాలేజీలో డెమో క్లాసు చెప్పడం, ఫిజిక్సు లెక్చరరు ఉద్యోగం కొట్టడం. రాకపోతే మళ్లీ రొయ్యలు ఒలిచే పనే గతి. వెయ్యి ఓముల రెసిస్టర్లు పన్నెండు అతికించి ఒక ఘనం చేసింది. దాన్ని ఒక మూల పట్టి వసారా దూలానికి వేలాడదీసి, సముద్రపు గాలికి మెల్లగా తిరుగుతుంటే చూస్తూ నిలబడిపోయింది. పైమూల నుంచి కరెంటు వాననీళ్లలా దిగుతున్నట్టే ఉంది. మూడు పాయలై, ఆరై, మళ్లీ మూడై, కిందిమూలలో ఒకటైపోతోంది. ఎంత బాగుందో! ఆ మైకంలోనే స్నానానికి వెళ్లింది.

అప్పుడే అత్త కామమ్మ పక్కింటావిడతో వచ్చింది.

"ఏందిమే గంగాభవానీ, ఇది?"

"ఎండ్రకాయల బోను లాగుండాది అక్కా. కాలేజీల్లో పీతలు పట్టేది కూడా నేర్పిస్తా ఉండారంట."

"ఊగిపోతా ఉంటే దీంట్లో ఏం పడతాయి? నా కోడలి పరువు పోదా?"

కోడలంటే కామమ్మకు ప్రాణం. బైండింగు తీగ తెచ్చి, పైమూలకు దిగువనున్న మూడు మూలలనూ కలిపి ఒక కట్టు, వాటి కిందున్న మూడింటినీ కలిపి ఇంకో కట్టు బిగించింది. ఎరకు నడుమ ఒక ఎండుచేప దారంతో కట్టి, అంతా గుడ్డసంచిలో పెట్టి కోడలి చేతికిచ్చింది.

బస్సులో రేవతి చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ, కరెంటు కలలోనే తేలిపోతూ నెల్లూరు చేరింది.

క్లాసులో సంచి విప్పగానే ప్రిన్సిపాలు చెంచురామయ్యగారు ముక్కు మూసుకున్నారు.

"ఎండుచేప ఎందుకమ్మా?"

చేపనూ తీగలనూ రేవతి అప్పుడే చూసింది. చేపను తీసేసింది గాని, ఆ తీగముడులు విప్పడం ఎవరి తరమూ కాదు. ఉద్యోగం పోయినట్టేననుకుంటూ పైమూలకూ కిందిమూలకూ మీటరు పెట్టింది. ఎనిమిది వందల ముప్పై మూడు! తీగలు లేకపోయినా అచ్చం రావలసిన అంకే.

పొద్దున చూసిన వాననీళ్లు కళ్ల ముందు మెదిలాయి. ఒక్కో కట్టులోని మూడు మూలలదీ ఒకే మట్టం, ఒకే వోల్టేజి. సమానమైన చోట్లను కలిపితే వాటి మధ్య కరెంటు ఎందుకు కదులుతుంది? సంతోషం పట్టలేక ఆ మాటే అందరికీ చెప్పింది.

"తీగలు కట్టి మరీ చూపించినావే తల్లీ! రేపే వచ్చి చేరు," అన్నారు చెంచురామయ్యగారు. "అంటే ఎక్కడ కట్టినా మారదన్నమాట!" అంటూ తానూ ఒక తీగ తీసి పైమూలనూ కిందిమూలనూ కలిపారు.

ఎనిమిది వందల ముప్పై మూడు పోయి మీటరు సున్నా చూపించింది.

"చూసినారా, కచ్చితంగా సున్నా!" అన్నారాయన గర్వంగా.

రేపు ఉద్యోగంలో చేరవలసిన మనిషి కాబట్టి, చప్పట్లు మొదట రేవతే కొట్టింది.