పోతమ్మ నొక్కిన బొత్తాం

ఆ పొద్దున పోతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు ఎల్లారావు ఎక్కిన బోటు హార్బరు దాటగానే సెల్‌ఫోనులో ఒక్కసారి అతని గొంతు వినాలి. అంతే. పెళ్లయినకాడ్నుంచీ అతను వేటకెళ్లడం, ఆవిడ ఒడ్డున కూచుని నీళ్లకేసి చూడ్డం. అన్నేళ్లు చూసినా ఆ నీళ్లు ఒక్క కబురు చెప్పిన పాపాన పోలేదు.

ద్వారకా నగర్‌లో ఫోన్ల షాపులో పనిచేసే కూతురు ఈశ్వరి అమ్మకొకటీ అయ్యకొకటీ ఫోను తెచ్చింది. అక్షరం ముక్క రాని తల్లిని పక్కన కూచోబెట్టుకుని ఓపిగ్గా నేర్పింది.

"ఈ బొత్తాం నొక్కి పట్టుకోమ్మా. అయ్యకి ఎల్లిపోద్ది. అలాక్కాదు, పగిలిపోద్ది! మెల్లగా!"

"సముద్రం మీదకెల్లాలి గదే! గట్టిగా నొక్కకపోతే మద్దిలో మునిగిపోదేటి?"

తండ్రికీ నేర్పబోయింది. "గెడ్డం నెరిసినాక నాకేటి నేర్పుతావే!" అని ఎల్లారావు ఫోనుని పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా జేబులో కుక్కేశాడు.

వేటకెళ్లేవాణ్ని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఒడ్డుకి తిరిగొచ్చి, కాసేపు కూచుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఇది పోతమ్మకి తెలీక కాదు. ఇన్నేళ్లలో నోటిదాకా వచ్చిన పిలుపుని ఎన్నిసార్లు మింగేసిందో ఆవిడకే ఎరుక. కానీ ఫోను కూడా పిలుపేనని తట్టలేదు. నోరు విప్పితే కదా పిలుపు!

బోటు హార్బరు మూతి దగ్గరి డాల్ఫిన్ కొండ దాటుతుంటే ఎల్లారావు జేబు గొల్లుమంది.

డ్రైవరు జగ్గయ్య ఇంజను ఆపేశాడు. "ఎవుల్రా ఎనకనించి పిలుత్తన్నారు?"

"మా ఆడదే బావా."

"సాల్లే! ఎవులైనా పిలుపు పిలుపే." బోటు వెనక్కి తిప్పాడు.

ఎల్లారావు కవరు మీంచే చేతికందిన బొత్తాం నొక్కాడు. మోత ఆగింది. హార్బరు కనబడని ఇంటి ముందు ఒడ్డు మీద పోతమ్మ గుండె కూడా కాసేపు ఆగింది. "అయ్యయ్యో, మద్దిలో మునిగిపోనాది!" అనుకుని, ఈసారి రెండు బొటనవేళ్లతో నొక్కింది.

నీళ్లు తాగి మళ్లీ బయల్దేరిన బోటు మళ్లీ వెనక్కి. మళ్లీ బయల్దేరడం, మళ్లీ మోత, మళ్లీ నీళ్లు. బోటులో పనిచేసే కళాసీల కడుపులు డ్రమ్ముల్లా ఊగుతున్నాయి.

వెనకున్న బోట్లవాళ్లు చూశారు. "జగ్గయ్య ఉత్తినే తిరుగుతాడేటి? గాలేదో లెగుత్తాది!" అని వాళ్లూ తిప్పారు. వాళ్లని చూసి ఇంకొందరు తిప్పారు. హార్బరు మూతి బిరడా కొట్టినట్టు బిగుసుకుపోయింది. ఏం గొడవో చూద్దామని నేవీ సబ్‌మెరైన్ ఒకటి తల పైకెత్తి, సిగ్గుపడి మునిగిపోయిందంటారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఆ కబురు ద్వారకా నగర్ చేరేసరికి తుపానయింది. దువ్వాడ స్టేషన్లో ఉప్పెనయింది. సబ్బవరంలో ఆరబోసిన మినుములు ఇళ్లలోకి ఎత్తేశారు.

పక్కింటి అప్పాయమ్మ రొమ్ము బాదుకుంటూ వచ్చింది. "ఒలే పోతమ్మా! తుపానంట! బోట్లన్నీ ఎనక్కొచ్చేత్తన్నాయి. మీ ఆయన బోటు ఎక్కడా ఆనటం నేదే, కంటికి కనబడ్డం నేదే!"

పోతమ్మ బొత్తాం వదలకుండా నొక్కింది. అక్కడ జేబు వదలకుండా మోగింది. "ఇయ్యాలకి వేట నేదు, పాడూ నేదు," అని జగ్గయ్య తువ్వాలు దులిపాడు.

ఎల్లారావు వీధి మొదట్నుంచే కేకలు మొదలెట్టాడు. ఇంటి దగ్గరికొచ్చి నోరు మూశాడు. పోతమ్మ నీళ్లకేసి తిరిగి కూచుని, ఫోను చెవికి ఆనించుకుని ఏడుస్తోంది. "అన్నం తిన్నావేటి మావా? ఒక్కసారి ఊఁ అను మావా..."

"ఇందుకేటే పిలిసినావు?"

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. అతన్ని చూసి ఫోను ఒళ్లో జారవిడిచింది. కళ్లు తుడుచుకోవడానికి కొంగు దొరకలేదు. "నువ్వెల్లిన ప్రతీసారీ అడగాలనిపిత్తాది మావా. ఎనకనించి పిలవకూడదు గదా."

"పిలిసినావు గదే! హార్బరు హార్బరంతటినీ పిలిసినావు!"

"నాను పిలవనేదు. నొక్కినాను."

సాయంత్రం ఈశ్వరి రాగానే ఎల్లారావు కవరు విప్పి ఫోను ముందు పెట్టాడు. "ఇది ఎత్తడం, కొట్టడం ఎలాగో సెప్పు."

"గెడ్డం నల్లబడిందేటి అయ్యా?"

"నవ్వకే. ఎల్లేటప్పుడు మీ అమ్మ నొక్కకూడదు. తిరిగొచ్చేటప్పుడు నానే నొక్కుతాను. అది ఎదురు పిలుపు, దోసం నేదు."

పరీక్ష పెట్టారు. అతను వీధి అరుగు మీద, ఆవిడ పెరట్లో. ఫోను మోగింది. పోతమ్మ ఆకుపచ్చ బొత్తాం నొక్కింది.

"నానే," అన్నాడు ఎల్లారావు.

చెవిలో అంత దగ్గరగా ఆ గొంతు ఎప్పుడూ వినలేదావిడ. "ఎక్కడున్నావు మావా?"

"వచ్చేత్తన్నాను. ఒడ్డు ఆనుతోంది."

"అన్నం తిన్నావేటి?"

"నేదు. నువ్వు పెడతావని వత్తన్నాను."

ఈశ్వరి ఇక చాలనలేక బయటికెళ్లిపోయింది. చీకటి పడినా వాళ్లు ఫోన్లు దించలేదు.

నడుమ పొయ్యి మీద చేపల పులుసు మాడి బొగ్గయింది. ఫోనులో వాసన రాదు కదా.