దుప్పటి చాటు అభిప్రాయాలు

1944 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం, నరసరావుపేట శివారు పత్తిమిల్లు మేనేజరు సుందరరావు ఇడ్లీ తింటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. పనివాళ్లను అడగాలి. మిల్లు గురించి వాళ్లేమనుకుంటున్నారో వాళ్లనే అడగాలి.

అడగక తప్పని పరిస్థితి వచ్చింది. పత్తిలోంచి గింజలు తీసే జిన్నుల దగ్గర కూర్చునే ఆడవాళ్లు రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున జారుకుంటున్నారు. మిరపకోతలకు పోతున్నారని అందరికీ తెలుసు. నీడన కూర్చునే పని వదిలి ఎండలోకి ఎందుకు పోతున్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

సంగతి విని మిల్లు యజమాని షావుకారు గారు నవ్వాడు. "కూలోళ్లని అడిగేదేందయ్యా? మనం చెప్పాల, వాళ్లు చెయ్యాల."

"ఒక్క వారం ఇవ్వండి. కారణం కనుక్కోలేకపోతే శనివారం నా రాజీనామా తీసుకోండి" అన్నాడు సుందరరావు. ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు.

ఆ రోజే అందరినీ వరసగా పిలిచి, కాగితం కలం పట్టుకుని అడిగాడు. "పనిలో మీకున్న కష్టం ఏమిటి?"

మట్టిపత్తి ఏరే పీరాంబీ ముందు వచ్చింది. "కష్టమా? మీ చల్లని నీడలో మాకేం కష్టం అయ్యగారూ!"

రెండో మనిషికీ కష్టం లేదు. ముప్ఫయ్యో మనిషికీ లేదు. బేళ్లు మోసే దేవదాసు అయితే మేనేజరు గారి మంచితనం తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇంత సుఖంగా ఉన్నవాళ్లు ఎందుకు పారిపోతున్నారో సుందరరావుకు అర్థం కాలేదు. తన ఎదుట నిలబడి చెప్పడానికి జంకుతున్నారని రాసుకున్న కాగితాలు చదివాక తోచింది.

మంగళవారం కొత్త పద్ధతి పెట్టాడు. గుమాస్తా జ్ఞానయ్య రాస్తాడు. ఎవరూ పేరు చెప్పనక్కరలేదు, వేలిముద్ర వేయనక్కరలేదు.

అసలే యుద్ధం రోజులు. ఇంజను నడిపే ఆదెయ్య ఆ మాట విని గొంతు తగ్గించాడు. "పేరు కూడా అక్కర్లేదంటే ఇది పటాలానికేరా! వాళ్లకి మడిసెవడైతే ఏంది, తలకాయలు లెక్కకొస్తే చాలు."

మధ్యాహ్నానికి నలుగురు మగవాళ్లు గోడ దూకారు. సుందరరావు పంచె ఎగగట్టి స్టేషను దాకా వాళ్ల వెంటపడి, రైలెక్కబోతున్న వాళ్లను ఒట్లు వేసి వెనక్కి తెచ్చాడు.

అయినా పట్టు వదలలేదు. బుధవారం గోడౌను మూలన అడ్డంగా ఒక దుప్పటి కట్టించాడు. ఇవతల జ్ఞానయ్య కూర్చుంటాడు, అవతల మనిషి చెబుతాడు. ఒకరికొకరు కనబడరు.

మొదట దేవదాసు వెళ్లాడు. అతను ప్రతి ఆదివారం కతోలిక గుడికి వెళ్లే మనిషి. చీకటి మూల, అడ్డంగా తెర, తెర వెనక నుంచి "చెప్పండి" అంటూ మెత్తని గొంతు. దేవదాసు ఇంకేమీ ఆలోచించలేదు. మోకాళ్లూని, పాపసంకీర్తనం మొదలుపెట్టాడు.

జ్ఞానయ్య కలం పారేసి మేనేజరు దగ్గరకు పరుగెత్తాడు. "అయ్యగారూ, అతను నన్ను ఫాదరు అంటన్నాడండీ! పాపాలు చెప్పుకుంటన్నాడు! మేం మిషను సంఘపోళ్లం, మాలో ఈ పద్ధతి లేదండీ!"

"ఆగకుండా చెబుతున్నాడా?"

"నేనిటొచ్చినా అక్కడ చెప్తానే ఉన్నాడండీ."

"మూడు రోజుల్లో నోరు విప్పిన మొదటి మనిషి. వెళ్లి రాయవయ్యా బాబూ!"

దేవదాసు తేటపడ్డ మొహంతో బయటికి వచ్చాడు. తప్పు ఒప్పుకున్నవాళ్లను మేనేజరు గారు క్షమిస్తున్నారని గంటలో మిల్లంతా పాకింది. సాయంత్రానికి ఆ మాట మిరపచేల దాకా వెళ్లింది. పారిపోయిన ఆడవాళ్లు కూడా మర్నాడు వచ్చి వరసలో నిలబడ్డారు. పీరాంబీ దుప్పటి దగ్గరకు వచ్చి, "నేను చేసిన తప్పులేం లేవు గానీ, ఇంత దూరం వచ్చి ఊరకే పోతే ఏం బాగుంటది, రాసుకో" అని కోడలి తప్పులు చెప్పి వెళ్లింది.

శనివారం షావుకారు గారు వచ్చి, కాగితాల కట్ట విప్పి, నాలుగు చదివి బల్లమీద కొట్టాడు. "అభిప్రాయాలన్నావు! ఇయన్నీ పాపాలు గదయ్యా! రాజీనామా రాయి."

సుందరరావు తలవంచుకుని మిగిలిన కాగితాలు చదవసాగాడు. ఒకదాని దగ్గర ఆగాడు. ఎవరో తల్లి చెప్పుకున్నది అది. "జొరమని అబద్ధం చెప్పి మిరపకోతకు పోయా. రెండో జిన్నుకు పైనుంచి వచ్చే బెల్టు కుట్టూడి నెత్తిమీద టపటపా కొట్టుకుంటంది. చంటిబిడ్డ తల్లిని, బయమేసింది. తప్పు క్షమించండి."

తర్వాతి కాగితంలోనూ అదే తప్పు. పంతొమ్మిదింట్లో అదే తప్పు, అదే బెల్టు. కష్టం చెప్పమంటే ఒక్కరూ చెప్పనిది, తప్పు చెప్పమనేసరికి అందరూ చెప్పారు.

సుందరరావు లేచి నేరుగా ఇంజను గదికి నడిచాడు. "ఆదెయ్యా, ఇంజను ఆపు."

షావుకారు గారు వెనకాలే వచ్చాడు. "సీజన్లో ఇంజనాపడానికి నువ్వెవరయ్యా?"

"రాజీనామా రాసేదాకా మేనేజరునండి."

ఇంజను ఆగింది. సుందరరావే నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ తోలుబెల్టును పట్టుకు లాగాడు. అతుకు చేతిలోకి వచ్చేసింది. బారెడు బెల్టు ధనామని కింద పడింది. సరిగ్గా ఆడవాళ్లు కూర్చునే పీట మీద. క్షమాపణ దొరికిందో లేదో కనుక్కోవడానికి వచ్చి పక్కన నిలబడ్డ ఎస్తేరు అనే ఆమె చంటిబిడ్డను గుండెకు హత్తుకుంది.

సుందరరావు నిచ్చెన మీదనుంచే అరిచాడు. "ఆదెయ్యా! ఇది నీకు కనబడలేదా? నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఆదెయ్య నేల చూపులు చూశాడు. "నెల్లాళ్ల కిందటే చెప్పానండీ, షావుకారు గారికి. సీజనయ్యేదాకా కుట్టుతోనే లాగమన్నారు. మీకు చెప్పమాక, గోల చేస్తారన్నారు. నా కాగితంలో రాయించా, చానా అడుగున ఉంటది."

అందరూ షావుకారు గారి వైపు తిరిగారు. ఆయన ఎస్తేరు చేతుల్లోని బిడ్డను చూశాడు, పీటను చూశాడు. కొత్త బెల్టు కోసం అప్పటికప్పుడు గుంటూరుకు మనిషిని పంపాడు. సోమవారం నుంచి అందరూ పనిలోకి రావాలని చెప్పబోయి, మాట మింగి, "వస్తారా?" అని అడిగాడు.

"బెల్టు చూసి వస్తాం" అంది ఎస్తేరు.

ఆయన తల ఊపి, మెల్లగా గోడౌను మూలకు వెళ్లి దుప్పటి అవతల కూర్చున్నాడు. జ్ఞానయ్య పరుగున వచ్చి ఇవతల కూర్చుని కలం అందుకున్నాడు.

"భయపడకుండా చెప్పండి షావుకారు గారూ. మీరెవరో నాకు తెలవదు."

ఆయనది ఒక కాగితంలో పట్టలేదు.