గొర్రెల మీద మూడంకెలు

ఆ పొద్దు కదిరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. నీళ్లు పోసుకోవాలి, సంగటి తినాలి, కూతురు ఆశ నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టించాలి, ఆ తర్వాత మంచమ్మీద కాళ్లు చాపుకొని పడుకోవాలి. వల్లూరు సోలార్ పార్కులో సెక్యూరిటీ పని చేసే మనిషికి వారానికి ఒక్కరోజే సెలవు. ఫీజుకు గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలతో సరి. దాటితే సీటు ఇంకొకరికి. పార్కుకిచ్చిన తమ భూమికి సోలారువాళ్ల నుంచి రావలసిన కౌలు ఇంకా పడలేదు కాబట్టి, కర్ణాటకలోని తమ తాలూకా ఊరు పావగడలో బ్యాంకువాళ్లు పిలిచి మరీ ఇచ్చిన క్రెడిట్ కార్డుతో కట్టేద్దామని తండ్రీకూతుళ్లు అనుకున్నారు.

"నాయనా, కార్డు ఎనకాల మూడంకెలుంటాయి, చెప్పు," అంది ఆశ ఫోను చేతబట్టుకొని.

"గీకేసినా."

"గీకేస్తివా? మంచిదే. గుర్తు పెట్టుకోనుంటావు కదా, చెప్పు."

"నాకు తెల్దు."

"మరి ఎవురికి తెలుసు?"

కదిరయ్య వీధిలోకి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు. "మన గొర్లకు."

ఈ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. కిందటి వారం బ్యాంకువాళ్లు ఊరి బడిలో మీటింగు పెట్టి ఫోను దొంగతనాల గురించి చెప్పారు. ఎవరడిగినా నంబర్లు చెప్పొద్దన్నారు, కార్డు వెనకున్న మూడంకెలు గుర్తుపెట్టుకొని గీకేయమన్నారు, అనుమానమొస్తే ఫోను పెట్టేసి కార్డు మీదున్న బ్యాంకు నంబరుకు మీరే చేయండన్నారు. అందరూ టీ తాగి వెళ్లిపోయారు. కదిరయ్యకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. పక్కూరు మంగళవాడలో బైలప్ప, ఫోనులో ఏదో ఆడగొంతు తీయగా "అన్నా" అనేసరికి కరిగిపోయి, కార్డు మీదున్నదంతా అప్పజెప్పాడని అతనికి తెలుసు. మనసులో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు నోట్లోకి వస్తుంది. కాగితం మీద రాస్తే ఎవరో ఒకరు చదువుతారు. అందుకని తెల్లారగానే డబ్బాలో మిగిలిన ఎర్రరంగు తీసి, ఇంటి గొర్రెల్లో మూడింటి వీపుల మీద ఒక్కో అంకె వేశాడు. ముందు బోడిది, తర్వాత నల్లమూతిది, ఆఖర్న కుంటిది. ఆ పని కాగానే కొడవలి మొనతో కార్డు వెనక భాగమంతా నున్నగా గీకి, ఆ అంకెలను మనసులోంచి కూడా పట్టుబట్టి మరిచిపోయాడు. గొర్రెకు ఫోను చేసే దొంగ ఇంకా పుట్టలేదని అతని ధీమా.

"అయితే పా, గొర్లు యాడుండాయి?" అంది ఆశ. కోప్పడటానికి కూడా టైము లేదని ఆ పిల్లకు అర్థమైపోయింది.

మందను కాసేది కదిరయ్య బావమరిది చిన్నరంగప్ప. ప్యానెళ్ల కింద మొలిచే గడ్డిని మేపుకోవడానికి పార్కువాళ్లు ఒప్పుకోవడంతో, పొద్దున్నే అటే తోలుకుపోతాడు. తండ్రీకూతుళ్లు మోపెడ్ మీద వెళ్లి ఆ ప్యానెళ్ల వరసల మధ్య గంటన్నర తిరిగారు. ఏ వరస చూసినా ఒకే మాదిరి. ఎండ నడినెత్తికి వచ్చాక, అన్నిటికన్నా చివరి వరస నీడలో మంద కనిపించింది.

బోడి గొర్రె ముందుగా దొరికింది. కదిరయ్య దాని తలవైపు నిలబడి "తొమ్మిది" అన్నాడు. ఆశ తోకవైపు నిలబడి "ఆరు" అంది.

"నువ్వు రాసేటప్పుడు ఎటుపక్క నిలబడుకోనుంటివి?"

"అది నిలబడితే కదా! నేను దాని ఎనకాల పరిగెత్తుకుంటా రాసినా."

నల్లమూతి గొర్రె మీద నాలుగు, అనుమానం లేకుండా నాలుగే. ఇక కుంటిది. కుంటి గొర్రె ఎదురుగా వచ్చి నిలబడింది. దాని ఒంటి మీద అంకె కాదు గదా, బొచ్చే లేదు.

"నిన్ననే కత్తిరించినాము బావా," అన్నాడు చిన్నరంగప్ప సంబరంగా. "ఎండకు తట్టుకోలేకుండా ఉండె పాపం. ఆ రెండిటికీ రేపు కత్తిరిస్తాము."

"ఒరే నాయనా! దాని మీద ఏముండె? అదన్నా చెప్పు!"

"నాకేం చదువొచ్చునా? నిలువుగా గీత మాదిరి ఉండె. పైన కొంచెం వంకరుండెనో లేదో. బొచ్చంతా మూటగట్టినాము, కావాలంటే ఎతుక్కో."

మూట విప్పారు. ముప్పై గొర్రెల ఉన్నిలోంచి రెండు గంటలు ఎర్రటి పోగులు ఏరి, రాతిమీద పరిచి ముగ్గురూ వంగి చూశారు. కదిరయ్యకు ఒకటి కనిపించింది, ఆశకు ఏడు కనిపించింది, చిన్నరంగప్పకు మేకపిల్ల కనిపించింది. ఈలోగా గాలి వచ్చింది, అదీ ఎగిరిపోయింది.

చేసేదేముంది? ఆశ దేవుడి మీద భారం వేసి ఆరు, నాలుగు, ఒకటి కొట్టింది. తప్పన్నది ఫోను. తొమ్మిది, నాలుగు, ఒకటి. అదీ తప్పే. ఆరు, నాలుగు, ఏడు కొట్టేసరికి ఇక చాలించమన్నట్టు ఆ పేజీయే మూసుకుపోయింది. ఆ వెంటనే కదిరయ్య ఫోను మోగింది.

"నమస్కారం సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా," అంది ఒక ఆడగొంతు, కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగుతూ.

కదిరయ్య నిటారుగా నిలబడ్డాడు. ఇన్నాళ్లూ తాను కాచుకున్న క్షణం ఇదే. బైలప్పను ముంచిన గొంతు ఇదే అయ్యుంటుంది.

"మీ కార్డు మీద ఇప్పుడే పేమెంటు చేయాలని చూసినారా సార్?"

"లేదు!"

"మళ్లీ మళ్లీ తప్పు అంకెలు పడుతున్నాయి. అది మీరేనా?"

"నేను కాదు. నాకు అంకెలే రావు."

"అట్లయితే కార్డు బ్లాక్ చేయమంటారా?"

"చేసుకో పో! నీ మాదిరోళ్లను నూరుమందిని చూసినా!"

ఫోను పెట్టేసి ఛాతీ విరుచుకొని కూతురి వైపు తిరిగాడు. అంతలో ఆశ చేతిలోని కార్డు బ్లాకైందని మెసేజు రానే వచ్చింది. దొంగ ఎవరైనా కార్డు బ్లాక్ చేస్తాడా అని ఆశ అడిగింది. కార్డు మీదున్న బ్యాంకు నంబరుకు చేసి తేల్చుకుందామంటే, కొడవలి మొన దాన్ని కూడా వదల్లేదు.

ఆశ ప్యానెల్ నీడలో కూలబడి ఏడ్చేసింది. వాళ్ల వంశంలో పది దాటి చదివిన మొదటి పిల్ల ఆమె. "మూడంకెలు దాచేదానికి ఇంత చేస్తివి కదా నాయనా," అంది. కదిరయ్య కూతురి పక్కనే చతికిలబడ్డాడు. దొంగల చేతిలో పడకూడదని ఇంత తంటాలు పడి, చివరికి కూతురి సీటును తానే దొంగిలించినట్టు అయిందే అని తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఏడ్వద్దు తల్లీ, లెయ్. మూడే అయ్యింది. బ్యాంకుకు పోదాం, కాళ్లు పట్టుకోనైనా కట్టిస్తా," అన్నాడు.

మోపెడ్ పావగడ చేరేసరికి మూడూ ఇరవై. బ్యాంకులో కార్డుల మేడం పేరు నేత్రావతి. కదిరయ్య నోరు తెరిచి రెండు మాటలు అన్నాడో లేదో, ఆమె కళ్లద్దాలు తీసి పరీక్షగా చూసింది.

"నూరుమందిని చూసినా అన్నది మీరేనా?"

కదిరయ్య తల దించుకొని గొర్రెల సంగతి మొదలు నుంచి చివరిదాకా చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగి, కంప్యూటరు తనవైపు తిప్పుకుంది.

"చూడండి, ఈరోజు మీ కార్డు మీద ఇద్దరు తప్పు అంకెలు కొట్టినారు. ఒకరు పావగడ నుంచి, ఒకరు యాడనో దూరం నుంచి, నలభై వేల ఫోను కొనేదానికి. ఎవరు దొంగనో మాకు తెలీలేదు. పావగడ వాళ్లే ఎక్కువ తప్పులు కొట్టినారు కాబట్టి వాళ్లే అనుకున్యాం. ఆ రెండోవాళ్లకు ముందరి నంబర్లు ఎట్ల తెలిసినాయి? ఎవరికన్నా చెప్పినారా?"

"ప్రాణం పోయినా చెప్పలేదు మేడం!"

అంటూనే ఏదో తోచి, ఇంటికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. పెళ్లాం రామాంజినమ్మ హాయిగా చెప్పింది. "ఆ, పొద్దున నువ్వు నీళ్లు పోసుకుంటాంటే నీ ఫోనుకు ఒగాయప్ప చేసినాడు. కార్డు నిలిచిపోతుందంట. ముందరివి చదివి చెప్పినా. అవి అందరికీ కనపడాలనే కదా అట్ల ఉబ్బెత్తుగా అచ్చేసుండేది? ఎనకవి కూడా అడిగినాడు. అవి గొర్ల మీద ఉండాయి, సాయంత్రం ఇంటికొస్తాయి, అప్పుడు చెయ్యప్పా అంటిని. పెట్టేసినాడు, మర్యాద తెలీనోడు."

నేత్రావతి నిట్టూర్చి, "మీరు కాదు, లేదు అన్నందుకే కార్డు బ్లాక్ చేసినాము. లేకుంటే వాడు అంకెలు మార్చి మార్చి కొడతానే ఉండేవాడు," అంది. "సరే, ఫీజు కార్డుతోనే ఎందుకు? మీ కౌలు డబ్బు పొద్దున పదకొండుకే ఖాతాలో పడింది. మెసేజు రాలేదా?"

"వచ్చింది మేడం. డబ్బులు పడినాయి అని వస్తే మోసమే అనుకోని తుడిపేసినా."

ఆశ తలపట్టుకుంది. నేత్రావతి మారు మాట్లాడకుండా కాగితం తీసి కదిరయ్య సంతకం పెట్టించుకొని, ఖాతా నుంచి కాలేజీకి నేరుగా పంపింది. మూడూ యాభై రెండుకు కాలేజీవాళ్ల రసీదు ఆశ ఫోనులోకి వచ్చింది. ఆ పిల్ల ఫోను తండ్రికి ఇవ్వకుండా దూరం నుంచే చూపించింది. కదిరయ్య దాన్ని రెండుసార్లు చదివించుకొని, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

వెళ్లబోతుంటే నేత్రావతి ఆపింది. తాలూకా మొత్తంలో ఫోనులో ఒక్క మాటైనా బయట పెట్టని ఖాతాదారుడు ఈయనొక్కడేనని మేనేజరుకు చెప్పి, వచ్చే మీటింగులో శాలువా కప్పిస్తానని, తేదీ ఖాయం కాగానే ఫోను చేస్తానని అంది. కదిరయ్య వంగి వంగి దండాలు పెట్టి కూతుర్ని మోపెడ్ మీద ఎక్కించుకొని ఇంటికి పోయాడు.

ఆ సన్మానం ఇంకా జరగలేదు. బ్యాంకువాళ్లు ఫోను చేస్తూనే ఉన్నారు.