వెనక్కి ఈదిన చేపలు

పొద్దున్నే లేచి, కడుపునిండా ఫలహారం చేసి, పైడెక్కు మీద రెండు కుర్చీలు వేసుకుని, సాయంత్రం దాకా సముద్రం చూస్తూ ఏ పనీ చేయకుండా కూర్చోవాలని తివాచీ మేస్త్రీ భార్య పథకం వేసింది. మొగుడికి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఈ నాలుగు రోజులూ మీరు నేలకేసి చూడకూడదు. నలుగురిలా తలెత్తుకుని నడవాలి."

షరతు చిన్నదే గానీ మేస్త్రీకి అది ప్రాణసంకటమే. ముప్ఫై ఏళ్ళుగా ఓడల్లో తివాచీలు పరిచి పరిచి ఆయన లోకాన్ని మోకాళ్ళ ఎత్తు నుంచే చూశాడు. మనుషులను ముఖాల కంటే చెప్పులను బట్టి బాగా గుర్తుపడతాడు. తన చేతి తివాచీ మీద తానే షోకుగా నడవడం ఆయనకిదే మొదటిసారి. కొత్త ఓడ తొలి ప్రయాణానికి కంపెనీ ముచ్చటపడి మొగుడూ పెళ్ళాలిద్దరికీ టికెట్లిచ్చింది.

ఈ ఓడకు ఒక అక్క ఉంది. రెండేళ్ళ కిందట నీళ్ళలోకి దిగిన ఆ ఓడా ఇదీ ఒకే నమూనా. అదే కొలత, అన్నే గదులు, అవే మెట్లు. అందుకే కట్టినవాళ్ళు దాన్ని అక్క అనీ దీన్ని చెల్లి అనీ పిలిచేవారు. ఒడ్డూ పొడుగూ ఒకటే గానీ సింగారం వేరు. అక్కకు ముదురురంగు చెక్క గోడలు, మెరూన్ తెరలు, మలుపు మలుపుకీ దారి చూపే ఇత్తడి బోర్డులు. అందులో ఎక్కినవాళ్ళు ఎందుకో గుసగుసగా మాట్లాడేవారు. గబగబా తిని, గదిలోకి పోయి, గడియ వేసుకునేవారు. చెల్లికి తెల్లటి గోడలు, పసుపు లాంప్‌షేడ్లు, పేము కుర్చీలు.

ఇదంతా అలంకరణ ఆఫీసరు మేడం ఆలోచన. "అదే వంట, అదే సముద్రం. మరి గోడ మారితే మనిషి మారతాడా?" అన్నది ఆమెను కొన్నాళ్ళుగా తొలుస్తున్న ప్రశ్న. అది తేల్చుకోవడానికే కట్టెడు అభిప్రాయాల ఫారాలతో ఆమె కూడా ఓడెక్కింది. ఎక్కేటప్పుడు మేస్త్రీని పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది.

"మేస్త్రీ గారూ, చెల్లి గనక జనానికి నచ్చితే మూడో ఓడ కూడా ఇలాగే కడతాం. ఆ పని మీదే. దాంతోపాటు ఓడలు కట్టే చోటే మీకు పర్మనెంటు ఉద్యోగం. ఇక రేవు రేవుకీ తిరగక్కర్లేదు."

ఆ మాటతో మేస్త్రీ భార్యకు కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. ఇక సాయంత్రం ఆరింటికి తలుపు తట్టే మొగుడు దొరుకుతాడని ఆవిడ మనసులోనే గంతులేసింది.

ముందురోజు సాయంత్రం ఎక్కినవాళ్ళందరికీ భోజనం గదుల్లోకే వచ్చింది. కాబట్టి భోజనాల హాలు వెతుక్కుంటూ జనం బయలుదేరడం ఈ పొద్దుటే మొదలు. గదులన్నీ ఒకే పొడవాటి కారిడారుకు అటూ ఇటూ ఉన్నాయి. నీలం తివాచీ నిండా తెల్ల చేపలు. మైకులో తీయని గొంతు వినిపించింది. "దారి తెలియకపోతే చేపలు ఈదే వైపు నడవండి. నేరుగా భోజనాల హాలుకు చేరతారు." అక్క ఓడలో చేపలతోపాటు బోర్డులు కూడా ఉండేవి. చెల్లిలో మేడం వాటిని పీకించేసింది. బోర్డులుంటే ఆఫీసులా ఉంటుందట.

మొగుడూ పెళ్ళాలు చేపల వెంట నడిచారు. మేస్త్రీ మాట ప్రకారం తల పైకెత్తే నడిచాడు. కొసన ఉన్న తలుపు తీస్తే భోజనాల హాలు లేదు, లైబ్రరీ ఉంది. యాభైమంది దాకా పుస్తకాల బీరువాల ముందు ఆకలిగా నిలబడి ఉన్నారు. కళ్ళజోడు మరిచిపోయి వచ్చిన ఒక పెద్దాయన లావుపాటి పుస్తకం తెరిచి, "ఇవాళ ఏమేం చేశారో చదివి చెప్పవే" అని భార్యను అడుగుతున్నాడు.

మేస్త్రీ భార్య కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ, నురగ అటు పోతోందంటే ఓడ ఇటు పోతున్నట్టేగా?"

"ఊఁ."

"మరి మన చేపలేంటి, నురగతోపాటు పోతున్నాయి?"

మేస్త్రీ షరతు మరిచి కిందికి చూశాడు. ముక్కు వైపున్న హాలుకేసి పోవాల్సిన చేపలు తోకకేసి పోతున్నాయి. అక్క ఓడను కట్టినప్పుడు దాని ముక్కు ఓడలు కట్టే చోటి గేటుకేసి ఉండేది. ఆయన రోజూ గేటులోంచే లోపలికి వచ్చేవాడు. గేటు వైపు ముక్కు, అవతల తోక అని బుర్రలో ముద్రపడిపోయింది. చెల్లిని మాత్రం సముద్రానికేసి నిలబెట్టారు. కారిడారులో కిటికీలు లేవు, రెండు కొసలా ఒకే రకం తలుపులు, అప్పటికి గదులకింకా అంకెలు వేయలేదు. రెండువేల చేపలు. అన్నిటినీ ఎంతో శ్రద్ధగా, అంగుళం వంకర లేకుండా, తోకకేసి పరిచాడు. సిబ్బందికి వేరే దారి ఉండడంతో ఆ పొరపాటు ఎవరి కంటా పడలేదు. మేడం చూపేమో ఎప్పుడూ గోడల మీదే.

"ఇప్పుడెలాగే?" అన్నాడు.

"ముందు వీళ్ళను అన్నానికి చేర్చండి," అంది భార్య.

మేస్త్రీ చేతులూపుతూ "అటు కాదండీ, ఇటు రండి" అని జనాన్ని మళ్ళించాడు. ఓడ చూపించే గైడు అనుకుని అందరూ వెంటపడ్డారు. ఒకావిడ ఆ తలుపేమిటంది, ఇంకొకాయన ఈ స్తంభమెందుకన్నాడు. అబద్ధం ఆడలేక మేస్త్రీ తనకు తెలిసినవే చెప్పాడు. ఏ గడప కింద చీమలు పట్టాయో, ఏ మూల తివాచీ మూడుసార్లు కోయాల్సి వచ్చిందో విని జనం మురిసిపోయారు. హాలు చేరేసరికి గంటన్నర పట్టింది. ఫలహారాలన్నీ చల్లారిపోయాయి. రెండువందల మందికి వండిన వంట మాస్టరు అప్పటిదాకా నలభైమంది మొహాలే చూశాడు. మూతి ముడుచుకుని గరిటె పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనానికీ అదే భాగోతం. తిన్నాక జనమంతా గదుల్లో కునుకు తీశారు. ఇదే అదనని మేస్త్రీ మోకాళ్ళ మీదికి దిగాడు. అదృష్టం కొద్దీ తివాచీ పలకలు పలకలుగా అతికించింది. లేపి, తిప్పి, మళ్ళీ అతికిస్తే చేప ముఖం మారుతుంది. లైబ్రరీ కొస నుంచి మొదలుపెట్టాడు. భార్య కాపలా కాసింది. ఎవరైనా తలుపు తీస్తే ఆవిడ గట్టిగా దగ్గుతుంది, ఆయన పోయిన ఉంగరం వెతుకుతున్నట్టు నటిస్తాడు. మూడుసార్లు దగ్గేసరికి నలుగురు సాయం వచ్చి లేని ఉంగరం కోసం పావుగంట పాకారు. వాళ్ళను సాగనంపి, నానా తంటాలూ పడి మధ్యమెట్ల దాకా వచ్చాడో లేదో టీ గంట మోగింది.

గదుల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇప్పుడు వెనక సగంలో చేపలు ముందుకు, ముందు సగంలో చేపలు వెనక్కి ఈదుతున్నాయి. మైకు మాట నమ్మిన జనం రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యమెట్ల దగ్గర ఢీకొన్నారు.

"మీరు అటు నుంచే వస్తున్నారుగా, టీ అక్కడ లేదా?"

"ఏమో, మేం చేపల వెంట వచ్చాం. మీరు?"

"మేమూ చేపల వెంటే వచ్చాం!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కారిడారంతా పాకింది. మోకాళ్ళ నొప్పుల మామ్మగారొకరు "నేనిక అడుగు వేయలేను నాయనా" అంటే ఇద్దరు లైబ్రరీకి పోయి పేము కుర్చీలు మోసుకొచ్చారు. ఒక కుర్చీ వస్తే పది కావలసి వచ్చాయి. మామ్మగారి సంచిలోంచి పేకముక్కలు బయటపడ్డాయి. మర్నాటికి అందరికీ హాలు దారి తెలిసిపోయింది గానీ ఎవరూ మెట్లు దాటడం లేదు. మామ్మగారు ఎవరిని ఓడించారో తేలందే కదలమంటున్నారు. రాత్రీ పగలూ అక్కడ జనమే ఉండడంతో మిగతా సగం తిప్పే వీలు మేస్త్రీకి దొరకలేదు.

వంట మాస్టరు అగ్గి మీద గుగ్గిలమై మేడం దగ్గరికి వచ్చాడు. దగ్గరికి వచ్చాక కోపం కరిగి ఏడుపైంది.

"మేడం, దారి తెలీక రాలేదంటే సర్దుకుందును. నా హాలుకి నూరడుగుల్లో కూర్చుని కూడా రావట్లేదంటే నా చేతి రుచి పోయినట్టే. రేవు రాగానే నన్ను దించేయండి."

మేడం నొచ్చుకుంది. "అక్కలో హాలు ఎప్పుడూ ఇలా ఖాళీగా లేదు మాస్టారూ. గోడలు మారితే తిండి సయించదంటే నేను నమ్మను. వంటలోనే ఏదో లోపం ఉండాలి." అంటూ ఆయన మీద రిపోర్టు రాయడానికి కలం తీసింది.

మేస్త్రీ పక్కనే నిలబడి అంతా విన్నాడు. నోరు విప్పితే మూడో ఓడ పోతుంది, ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఈ మంచి మనిషి పోతాడు. భార్యకేసి చూశాడు. ఆవిడ కూడా ఆయన్నే చూస్తోంది.

"చెప్పేయండి," అంది మెల్లగా.

"చెబితే మళ్ళీ రేవుల పాలేనే."

"తెలుసు. మీరు ఇంటిపట్టున ఉండాలని నాకు మాత్రం లేదా? కానీ ఆ అన్నయ్యను అన్యాయం చేసి ఇంటికొస్తే మీరు రోజూ నేలకేసి చూస్తూనే కూర్చుంటారు. అలాంటి మొగుడు నాకొద్దు."

మేస్త్రీ చెప్పేశాడు. గేటు సంగతి, చేపల సంగతి, లేని ఉంగరం సంగతి, ఏదీ దాచలేదు. మేడం ఆ ప్రయాణంలో మొదటిసారి తల వంచి తివాచీని చూసింది. మెట్ల దాకా వెళ్ళి, రెండు వైపుల చేపలూ ముక్కూ ముక్కూ రాసుకున్న చోట ఆగింది.

"సరిగ్గా ఇక్కడికే ఎందుకు ఆపారు?"

"టీ గంట కొట్టారు మేడం."

ఆమె జనం అప్పటికే నింపి ఇచ్చిన ఫారాల కట్ట తెచ్చి అక్కడే ఒక పేము కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కటీ చదువుతూ పోయింది. గోడల గురించి రాసింది పదకొండుమంది. అందులో ఎనిమిదిమంది గోడలు ఆకుపచ్చగా ఎంతో బాగున్నాయని రాశారు. లాంప్‌షేడ్లు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. మిగతా నూటయాభై పైచిలుకు ఫారాల్లోనూ మెట్ల దగ్గరి మాటే. అక్కలో రెండేళ్ళుగా ఎవరూ తోటి ప్రయాణికుడి ఊసెత్తలేదు. ఇక్కడ కొందరు పక్క గదివాళ్ళ చిరునామాలు కూడా రాసిపెట్టారు, పారేయవద్దని బతిమాలుతూ.

"ఎందుకిలా?" అంది మేడం. తనలో తాను అడుగుతున్నట్టు ఉంది గానీ మేస్త్రీ జవాబు చెప్పాడు.

"నాకు గోడల సంగతి తెలీదు మేడం, కాళ్ళ సంగతి తెలుసు. అక్కలో కాళ్ళన్నీ ఒకవైపే పోయేవి. ఒకరి మడమలు ఒకరు చూసుకునేవారు. ఇక్కడ వేళ్ళూ వేళ్ళూ ఎదురెదురుగా ఉన్నాయి. ఎదురుపడ్డాక మాట్లాడక ఏం చేస్తారు?"

మేడం ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. తర్వాత వంట మాస్టరుకేసి తిరిగి, "టీ ఇక్కడికే తెప్పించండి," అంది. రెండువందల కప్పులు పది నిమిషాల్లో ఖాళీ అయ్యాయి. మామ్మగారు మూడో కప్పు అడిగారు. మాస్టరు మొహం చాటంత అయింది.

రేవు చేరాక మేడం రిపోర్టు పంపింది. అలంకరణ విభాగం సుదీర్ఘంగా అధ్యయనం చేసి, ప్రయాణికులను కలిపే కొత్త పద్ధతి కనిపెట్టిందని అందులో ఉంది. మూడో ఓడలోనూ అలాగే చేయాలని, అక్కను కూడా ఆపి దాని తివాచీ సగం తిప్పాలని కంపెనీ ఉత్తర్వులిచ్చింది. రెండు పనులూ మేస్త్రీకే ఇచ్చారు. పర్మనెంటు కాగితం చేతికందిన రోజు సాయంత్రం ఆరింటికి ఆయన ఇంటి తలుపు తట్టాడు. తలుపు తీసిన భార్య ముఖంకేసి నేరుగా చూశాడు. ఆవిడ అరగంట సేపు ఏడ్చి, తర్వాత నవ్వింది.

ఈసారి తప్పులో ఎక్కడా తేడా రాకుండా చూడడానికి కంపెనీ ఆయన మీద ఒక ఇన్‌స్పెక్టరును కూడా వేసింది.