గోవిందరాజు ఛాతీలో వాయుగుండం

కాకినాడ జగన్నాథపురంలో షామియానాలు అద్దెకిచ్చే పంచదార్ల గోవిందరాజు ఛాతీలో, ఎడమ పక్కన, అల్పపీడనం ఏర్పడినట్టు మంగళవారం ఉదయం రేడియోలో చెప్పారు. అది ఈశాన్యంగా కదిలి ఎడమ భుజం వైపు మళ్లే సూచనలున్నాయనీ, ఆయన మెట్లెక్కేటప్పుడు అప్రమత్తంగా ఉండాలనీ అన్నారు. తర్వాత ధాన్యం ధరలు చదివారు.

ఇంటిపేరులోనే పంచదార ఉన్న వంశం కాబట్టి గోవిందరాజుకు షుగర్ రావడాన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. పేరు మొదట్లోనే 'గోవిందా' ఉంది కాబట్టి ఆ తర్వాతి సంగతి కూడా వీధిలోవాళ్లు ఊహించుకున్నదే. అయితే ఊహ వేరు, హెచ్చరిక వేరు. ఊహకు అరుగు చాలు, హెచ్చరికకు శాఖ ఉండాలి. అందుకే బంగాళాఖాతాన్ని చూసుకునే వాతావరణ కేంద్రానికే షుగర్ ఉన్నవాళ్ల ఖాతా కూడా అప్పగించారు. రెండు చోట్లా ఉన్నది పీడనమే గనక కొత్త పరికరాలు అక్కర్లేదని ఉత్తర్వులో రాశారు. నిజానికి సముద్రమే నయం. పొంగే ముందు హోరు పెడుతుంది. షుగర్‌తో నరాలు మొద్దుబారినవాడి గుండె ఒక్కోసారి నొప్పి అనే మర్యాద కూడా పాటించకుండా చేతులెత్తేస్తుంది.

"ఏవండోయ్, రేడియోలో మీ పేరొచ్చింది," అంది భార్య నూకరత్నం, పెసరట్టు తిరగేస్తూ.

"అల్పం అన్నారా?" గోవిందరాజుకు ఆ మాటే గుచ్చుకుంది. "మనది అల్పం ఏటే? హై బీపీ అని డాక్టరు రాసిచ్చాడు గదా! ఆ కాగితం చూపించు వాళ్లకి."

వాళ్లు చూడటానికే వచ్చారు. వాతావరణ అధికారి హైమవతి, ఆమె వెనక స్తంభం మోస్తూ ఇద్దరు మనుషులు. గోవిందరాజు నడుము చుట్టుకొలతను అక్షాంశంగాను, ఆయన తండ్రికి గుండెపోటు వచ్చిన వయసును రేఖాంశంగాను తీసుకున్నారు. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ సగటు, మూత్రంలో ప్రోటీన్, సిగరెట్ల పొగ, ఇవన్నీ గాలివేగం కింద జమకట్టారు.

"మీకు రిస్కు ఎక్కువండి, గోవిందరాజుగారూ," అంది హైమవతి.

"ఎప్పుడో మానేశానండి."

"ఏమిటి?"

"రస్కులు. టీలోకి ఇప్పుడు ఉప్పు బిస్కట్లే."

హైమవతి నవ్వలేదు. ఆ జవాబుకు శాఖలో విడిగా ఒక కోడు ఉంది. అది వేసుకుని, "వచ్చే పదేళ్లలో గుండెపోటు తీరం దాటే అవకాశం నూటికి ముప్పై నాలుగు," అంది.

గోవిందరాజు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. వాన జోస్యాల మధ్య వ్యాపారం చేసినవాడు మరి. "ముప్పై నాలుగు శాతం వానంటే నేను షామియానా విప్పనండి. పెళ్లి కానిచ్చేస్తాం."

"వాన పడితే?"

"గుడ్డ తడుస్తుంది. ఆరేస్తాం."

"ఇది ఆరేసేది కాదండి," అంది హైమవతి. "ఆరిపోయేది. ఇవాళే ఆస్పత్రికి వెళ్లండి."

డాబా మీద స్తంభం పాతి, రేవులో లాగే మూడో నంబరు ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేసి వెళ్లిపోయారు.

తుఫాను నిబంధనలన్నీ వెంటనే అమల్లోకి వచ్చాయి. పొరుగువాళ్లు కొవ్వొత్తులు కొని పెట్టుకున్నారు. గోవిందరాజు బజారు మొగలో కనబడగానే మిఠాయి కొట్టతను షట్టరు సగం దించేశాడు. "ఏమనుకోకండి బాబూ, కాజాలు మీ ఆరోగ్యాన్ని కాజేస్తాయని పైనించి ఆర్డరు," అన్నాడు. సిగరెట్ల బడ్డీ వాడైతే బడ్డీనే చక్రాల మీద తోసుకుంటూ ఎత్తయిన చోటికి తరలిపోయాడు.

ఎదురింటి నూనెమిల్లు ఆసామి బాదం సూర్యప్రకాశం మాత్రం అరుగు మీంచి కదల్లేదు. షుగర్‌లో ఆయన గోవిందరాజు కంటే సీనియరు. "ఏరా గోవిందూ, మీ డాబాకి నంబరేశారంటగా! మా డాబా సూడు, ఎంత శుభ్రంగా ఉందో!" అని కేకేశాడు.

"అదృష్టవంతులు బాబాయ్," అన్నాడు గోవిందరాజు. ఆస్పత్రికి వెళ్లకుండా పెళ్లిపందిరికి వెళ్లాడు. నిచ్చెనెక్కి తాడు ముడేస్తుంటే ఛాతీ మీద ఎవరో కుర్చీలన్నీ దొంతరగా పేర్చినట్టనిపించింది. చెమట పట్టింది. దిగి ఇంటికొచ్చి గోళీసోడా తాగి తేన్పు కోసం కాచుకున్నాడు. తేన్పు రాలేదు, బులెటిన్ వచ్చింది: "గోవిందరాజు ఛాతీలోని అల్పపీడనం మరింత బలపడి వాయుగుండంగా మారింది."

గోవిందరాజు ఎగిరి గంతేయబోయి, ఆయాసం అడ్డొచ్చి, కూర్చునే సంబరపడ్డాడు. "విన్నావా! వాయువంట! గ్యాసే అని మొత్తుకుంటున్నానా లేదా? ఇంకో సోడా తే."

నూకరత్నం సోడా తేలేదు. "వాయువు తర్వాత ఏటన్నారు?"

"గుండం."

"మీరు వాయువు కాడ ఆపేశారు. నాకు గుండె దాకా వినపడింది. మా నాన్న కూడా గ్యాసనే పడుకున్నాడు. మళ్లీ లెగలేదు. లెగండి."

"పందిరి సగంలో ఉందే..."

"పందిరికి రాటలు ఎవరైనా పాతుతారు. నా ఇంటికి రాట మీరొక్కరే. ఆటో వచ్చింది, పదండి."

గోవిందరాజు వాతావరణ వార్త నమ్మడం అదే మొదటిసారి. సగం ఆవిడ భయం వల్ల, సగం తన భయం వల్ల నమ్మాడు. ఆస్పత్రిలో ఈసీజీ కాగితం మీద అలలు చూసి డాక్టరు వెంటనే లోపలికి తీసుకెళ్లమన్నాడు. గుండెకు నెత్తురు పారే కాలువల్లో ఒకటి దాదాపు పూడిపోయింది. పూడిక తొలగించి, మళ్లీ మూసుకోకుండా చిన్న స్ప్రింగు నిలబెట్టారు. గట్టు తెగలేదు. గోవిందరాజు కళ్లు తెరిచేసరికి నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంటూ, "పందిరి వేసేశారంట," అంది.

ఆ తర్వాత ఆయన మాత్రలు మింగాడు, సిగరెట్లు మానాడు, పొద్దున్నే నడిచాడు. షట్టర్లు దించేవాళ్లకు శ్రమ లేకుండా వేరే వీధిలోంచి నడిచాడు. హైమవతి మళ్లీ వచ్చి కొలతలు తీసుకుని, నూటికి పద్దెనిమిది అంది.

"అయితే మీ జోస్యం తప్పిందన్నమాట!" అన్నాడు గోవిందరాజు, మర్యాద కోసం నవ్వు ఆపుకుంటూ.

"మేం కోరుకునేది అదేనండి. సముద్రానికి ఎన్నిసార్లు చెప్పినా మాత్ర మింగదు, నడకకు వెళ్లదు. మా మాట విని మా లెక్క తప్పించగలిగింది మీలాంటివాళ్లే," అని ఆమె మూడో నంబరు దించి ఒకటో నంబరు ఎక్కించింది.

"పూర్తిగా తీసెయ్యరా?"

"రేవన్నాక స్తంభం ఉంటుందండి," అంది హైమవతి.

గోవిందరాజుకు అది అలవాటైపోయింది. ఒకటో నంబరు గాలికి రెపరెపలాడుతుంటే దాని కింద హాయిగా నిద్రపట్టేది. ఒక పొద్దున నడకకు బయల్దేరుతుంటే ఎదురింటి అరుగు మీద రేడియో మోగుతోంది: "గోవిందరాజు ఛాతీలో వాయుగుండం బలహీనపడింది. ఆ వీధిలోని మిగతా ఛాతీల గురించి సమాచారం అందలేదు."

"సూశావా! మన గురించి ఏటీ లేదు," అన్నాడు సూర్యప్రకాశం, కాజా తుంచుతూ.

గోవిందరాజు ఆగాడు. "లేదంటే, తుఫాను లేదనా బాబాయ్, కొలిచినోడు లేడనా?"

సూర్యప్రకాశం ఒకసారి తన డాబా వైపు చూశాడు. కాజా ముక్క పళ్లెంలో పెట్టేసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఆ అమ్మాయి దగ్గర నా నడుముకి సరిపడా టేపు ఉంటదంటావా?"

"లేకపోతే షామియానా తాడుంది, రండి," అన్నాడు గోవిందరాజు. పెద్దాయన చెప్పులు వెతుక్కుని మెల్లగా దిగాడు. ఇద్దరూ కలిసి వాతావరణ కేంద్రం వైపు నడిచారు.

ఆ వీధిలో షుగర్ ఉన్నవాళ్ల డాబాలు ఇంకా ఏడెనిమిది ఉన్నాయి. వాటి మీద ఏ జెండా లేదు. ఎండ చక్కగా కాస్తోంది. అన్నీ చాలా ప్రశాంతంగా ఉన్నాయి.