వంచని వేళ్లు

నేర పరిశోధనాలయంలో మూడు తాళాల వెనక సీలు వేసి దాచిన సిమెంటు ముక్క, పొద్దున్న బీరువా తెరిచేసరికి లేదు.

అది కూలిన వంతెన తాలూకు ముక్క. కేసుకి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం. తాళాలు పగల్లేదు, తాళంచెవులు డైరెక్టరుగారి జేబులో భద్రంగానే ఉన్నాయి. బీరువాకి ముందురోజే రంగు వేశారు. ఆరని రంగు మీద నాలుగు మచ్చలు. వేలిముద్రలు కావు. దొంగ వేళ్లు మడిచి, కణుపులతో తలుపు తోశాడు.

ఎవరూ కంగారు పడలేదు సరికదా, అందరూ సంబరపడ్డారు. కణుపుల మీది గీతలతో మనిషిని పట్టేయవచ్చని డైరెక్టరుగారు పదేళ్లుగా ఉపన్యాసాలిస్తున్నారు. యంత్రం కూడా తెప్పించారు. పాపం, ఇన్నాళ్లకి దానికో దొంగ దొరికాడు.

యంత్రం నడిపేది ఫొటోగ్రాఫరు. సిబ్బంది అందరి కణుపులూ ఫొటో తీసింది అతనే. అందరివీ అంటే, వేళ్లు వంచమని అడగదగిన వాళ్లందరివీ. అధికారులను వేళ్లు వంచమనడం మర్యాద కాదని ఉత్తర్వు ఉంది. కాబట్టి యంత్రం కడుపులో డ్రైవర్లు, కాపలావాళ్లు, ఊడ్చేవాళ్లు మాత్రమే ఉన్నారు. "తెలియదు" అనే జవాబు సంస్థ పరువుకి భంగమని, ఆ మాటను యంత్రంలోంచి ముందే తీయించారు.

అది అరగంట ఆలోచించి, నేల తుడిచే ఆమెను పట్టుకుంది. నూటికి పందొమ్మిది పాళ్లు పోలిక. మిగతావాళ్లెవరూ పదిహేడు దాటలేదు గనక విచారణ కమిటీ ఏకగ్రీవంగా సంతృప్తి చెందింది. సాయంత్రం నాలుగింటికి ఆమెను పోలీసులకు అప్పగించాలని తీర్మానించింది.

ఆమె వరండాలో బకెట్ పక్కన కూర్చుని ఉంది. ఫొటోగ్రాఫరు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నా వేళ్ల మీద గీతలెక్కడున్నాయి తమ్ముడూ? ఫినాయిలు ఎప్పుడో తినేసింది."

"అందుకే అక్కా. ఏమీ లేని చోట దానికి ఏదైనా కనిపిస్తుంది."

"మరి ఆ మాట లోపల చెప్పు."

"చెప్పాను. నమ్మకం లేకపోతే ఉద్యోగం మానేయమన్నారు."

"నువ్వు నయం. నన్ను నేరుగా జైలుకే పొమ్మన్నారు."

అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత కమిటీ గదిలోకి వెళ్లి, వినయంగా నివేదిక చదివాడు.

"ముద్దాయి అసామాన్యురాలు. వేలిముద్ర పడకుండా కణుపులతో తోయాలన్న ఊహ మహామహులకే తట్టదు. ఈ శాస్త్రంలో ఆమె మన డైరెక్టరుగారిని కూడా మించిపోయారు. ఈ పద్ధతిని ఆమె పేరుతోనే పాఠ్యపుస్తకంలో చేర్చాలని మనవి."

సభ్యులు తలలూపారు. ఒకాయన ఫొటో కూడా వేద్దామన్నాడు. డైరెక్టరుగారి ముఖం కందగడ్డలా అయింది. లేచి నిలబడి, సభల్లో సవరించుకున్నట్టే గొంతు సవరించుకున్నారు.

"ఆవిడా? ఆవిడకి శాస్త్రమంటే ఏం తెలుసండీ? ఆ ముక్క తీసింది నేను. వంతెన కట్టింది మా బావమరిది. అందులో సిమెంటు లేదని బయటపడితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. వేళ్లు మడిచి తోసింది నేను, ఆలోచన నాది, రంగు ఆరిందో లేదో చూసుకోని పొరపాటు కూడా నాదే. పొద్దుట్నుంచీ మీరంతా నా పక్కనే కూర్చున్నారు. ఒక్కరైనా నా చెయ్యి చూపించమన్నారా? అడగరని తెలుసు కాబట్టే ఆ రంగు ఇంకా కడుక్కోలేదు. రాసుకోండి. పుస్తకంలో మాత్రం నా పేరే వెయ్యాలి, డిగ్రీలతో సహా."