ఇంటూ గుర్తు పెట్టిన తలుపు

తుఫాను సాయంత్రం ఆరింటికి తీరం దాటుతుందని రేడియో చెప్పింది. పడవల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే ఆయన ఉదయం ఆరింటికే భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి, స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ముందు ఇంటి ప్లాను గీశాడు. ఏ కిటికీ వెడల్పెంతో, దానికి ఎంత పొడుగు చెక్క పడుతుందో పక్కనే రాశాడు. కింద పనుల వరుస: నీళ్ళు పట్టడం, పూలకుండీలు లోపల పెట్టడం, ఫోన్లు నిండా ఛార్జి చేయడం, కొవ్వొత్తులు కొనడం. ఒక్కో పనికి ఒక్కో టైము. కొవ్వొత్తులకు ఇరవై నిమిషాలు ఇచ్చాడు.

సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఆ ఇంటిని పద్నాలుగేళ్ళ క్రితం ఆయనే గీసి కట్టించుకున్నాడు. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ బయటికి తెరుచుకుంటాయి. గాలి ఎంత తోస్తే తలుపు అంత బిగుస్తుంది తప్ప లోపలికి ఊడిపడదని ఆయన లెక్క. ఇల్లు చూడటానికి వచ్చిన మొదటి రోజే అత్తగారు, "ఇదేం తలుపండీ, వచ్చినవాళ్ళ మొహాన కొడుతోంది" అంది. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఒకసారి మార్కులు వేశాక మళ్ళీ దిద్దే అలవాటు లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ మాట ఆయన మనసులో మేకులా దిగబడే ఉంది. ఇప్పుడు ఆవిడ పది రోజులుండి వెళ్దామని వచ్చి ఉంది. ఇంటికి పరీక్ష పెట్టేది తుఫానే అయినా, పేపరు దిద్దేది మాత్రం అత్తగారేనని ఆయనకు తెలుసు.

భార్య కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తుంది. తుఫాను రోజున ఆవిడకు సెలవు ఉండదు. మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పి, మొగుడి చేతిలోని జాబితాను ఓసారి చూసి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి వడ్రంగి వచ్చాడు. ఆ రోజు అతనికి ఇంకా పదకొండు ఇళ్ళు ఉన్నాయి. డ్రాఫ్ట్స్‌మన్ ప్లాను అతని చేతిలో పెట్టి, కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టాలని, ఇంటూ గుర్తు పెట్టిన చోట మాత్రం ముట్టుకోవద్దని వివరంగా చెప్పాడు. ఇంటూ గుర్తులు రెండే, రెండు తలుపుల మీద. వడ్రంగి నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని వింటున్నాడు. తల అయితే ఊపాడు. డ్రాఫ్ట్స్‌మన్ తన ఫోను ఛార్జింగుకి పెట్టి, సంచీ తీసుకుని బజారుకు బయల్దేరాడు.

బజారులో ఊరంతా ఉంది. నాలుగు రోజులుగా రేడియో గొంతు చించుకుంటుంటే ఇళ్ళలో కూర్చున్నవాళ్ళంతా ఇవాళే, సరిగ్గా తన ముందే, వరుసలో ఎందుకు నిలబడ్డారో ఆయనకు అర్థం కాలేదు. బాధ్యత అనేది ఈ ఊళ్ళో ఎవరికీ లేదని ముందున్నాయనతో అన్నాడు. ముందున్నాయన వెనక్కి తిరిగి, మరి మీరు నాలుగు రోజులు ఏం చేశారని అడిగాడు. తాను ప్లాను వేసుకుంటున్నానని చెప్పడం ఆయనకు చిన్నతనంగా తోచింది. రెండు గంటల తర్వాత కౌంటరు దగ్గరికి చేరేసరికి మామూలు కొవ్వొత్తులు అయిపోయాయి. పుట్టినరోజు కేకుల మీద గుచ్చే పుల్లల్లాంటి రంగు కొవ్వొత్తులు మిగిలాయి. ఆరు పాకెట్లు కొన్నాడు.

ఈలోగా ఇంటి దగ్గర వడ్రంగి కిటికీలు ముగించి ప్లాను మళ్ళీ చూశాడు. తలుపుల మీద ఇంటూ గుర్తులున్నాయి. ఒక చెక్క ఇటునుంచి, ఒక చెక్క అటునుంచి అడ్డంగా కొట్టాలన్నమాట. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు తలుపులు బిగించుకుని చుట్టాల ఊళ్ళకు వెళ్ళిపోయారు. వీళ్ళూ వెళ్ళిపోయినట్టున్నారు, పాపం జాగ్రత్తైన మనిషి అనుకుని, అయిదంగుళాల మేకులతో రెండు తలుపులూ బయటినుంచి బిగించేశాడు. ఆ సమయంలో అత్తగారు వంటింట్లో కొళాయి పూర్తిగా తిప్పి గంగాళాలు నింపుతోంది. సుత్తి చప్పుడు వినబడింది కానీ, పని జరుగుతోందిలే అనుకుంది.

నీళ్ళు పట్టడం అయ్యాక కుండీల కోసం వీధి తలుపు తోసింది. రాలేదు. పెరటి తలుపూ రాలేదు. అల్లుడికి ఫోను చేస్తే అది తన పక్కనే బల్ల మీద మోగింది. కూతురి సొంత ఫోను ఆఫీసు సొరుగులో ఉంటుంది కాబట్టి ఫిర్యాదుల నంబరుకు చేసింది. మీరు వరుసలో నలభై రెండోవారు అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. అప్పుడు ఆవిడ స్నానాలగదిలో పీట ఎక్కి, వెంటిలేటరు దగ్గర నోరు పెట్టి, అయిదొందల మంది పిల్లల్ని వరుసలో నిలబెట్టిన గొంతుతో పిలిచింది.

మొదట విన్నది ఎదురింటి కుట్టుపని ఆవిడ. లోపలినుంచి ఏమైందో అత్తగారు ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"మా అల్లుడు మనిషిని పెట్టి తలుపులకి మేకులు కొట్టించి బజారుకెళ్ళాడమ్మా. నేను లోపలే ఉండిపోయాను."

ఈ మాట వీధి చివరకు చేరేసరికి, అత్తగారిని ఇంట్లో పెట్టి మేకులు కొట్టి అల్లుడు ఊరు విడిచిపోయాడని అయింది. మైకులో హెచ్చరికలు చెబుతూ తిరుగుతున్న వార్డు ఆఫీసరమ్మ అది విని మండిపడి ఫైరింజన్‌ని పిలిపించింది.

డ్రాఫ్ట్స్‌మన్ సందు తిరిగేసరికి తన ఇంటి ముందు ఎర్ర బండి, పాతికమంది జనం, గొడ్డలి ఎత్తిన మనిషి కనిపించారు. ఆయన పరుగెత్తి, తాను ఈ ఇంటి యజమానినని చెప్పాడు. జనం దారి ఇచ్చారు కానీ, ఇచ్చిన పద్ధతి ఆయనకు నచ్చలేదు.

"మీరేనా ఆ అల్లుడు?" అంది ఆఫీసరమ్మ.

ఆయన ప్లాను గురించి, గుర్తు గురించి చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. కనీసం మేకులు నిదానంగా పీకమని బతిమాలాడు. తుఫాను ముందుకు జరిగిందని, మూడింటికల్లా వచ్చేస్తుందని, నిదానంగా చేసే టైము లేదని ఆవిడ కసిరింది. అయిదు దెబ్బలకు అడ్డచెక్కలు, వాటితోపాటు పద్నాలుగేళ్ళ టేకు తలుపు ముక్కలైపోయాయి. అత్తగారు చీర సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. తన ఇంటి తలుపు తన కళ్ళెదుట పగలగొట్టి చప్పట్లు కొట్టిన వీధిని ఆయన అంతకుముందు ఎక్కడా చూడలేదు.

అప్పుడే వడ్రంగి మరిచిపోయిన బాడిత కోసం సైకిలు మీద వచ్చాడు. డ్రాఫ్ట్స్‌మన్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఇంటూ అంటే అడ్డచెక్కలే కదండీ. బొమ్మలో ఎలా ఉందో అలాగే కొట్టాను" అన్నాడు వడ్రంగి నొచ్చుకుంటూ.

ఆ వాదన తేలకముందే పెద్ద గాలి వచ్చి సైకిలును ఎదురింటి గోడకు విసిరింది. వీధి మొదట్లో చెట్టు కూలి ఫైరింజన్‌కు దారి మూసుకుపోయింది. కుట్టుపని ఆవిడ ఇంటి అద్దాలు భళ్ళుమన్నాయి. ఆఫీసరమ్మ చుట్టూ చూసింది. కిటికీలన్నీ భద్రంగా ఉన్న ఇల్లు అక్కడ ఒక్కటే. అందరూ లోపలికి నడవండి అని మైకులోనే చెప్పింది. అప్పుడే తడిసి ముద్దై వచ్చిన భార్య కూడా ఆ తోపులాటలో లోపల పడింది. తల్లిని, ఫైరువాళ్ళని, గుమ్మాన్ని చూసి, "జాబితాలో పనులన్నీ అయ్యాయా?" అని మాత్రం అడిగింది.

తలుపు లేని గుమ్మానికి భోజనాల బల్లను నిలబెట్టి, వడ్రంగి లోపలినుంచి మేకులు కొట్టాడు. అలా ఒక్క మనిషిని బయటికి తీయడానికి వచ్చినవాళ్ళంతా ఆ మనిషితో పాటే లోపల బిగించబడ్డారు. రంగు కొవ్వొత్తుల వెలుగులో ఇరవై తొమ్మిది మంది కూర్చున్నారు. ఒక్కో కొవ్వొత్తి రెండు నిమిషాలకు అయిపోతుంటే, ఇంత జాగ్రత్తైన మనిషి కొవ్వొత్తుల దగ్గర ఇలా చేశాడేమిటని ఎవరో అన్నారు. డ్రాఫ్ట్స్‌మన్ పళ్ళు నూరుకున్నాడు.

కానీ మాట్లాడే తీరిక లేదు. గాలి బల్లను లోపలికి తోస్తోంది. మేకులు కిర్రుమంటున్నాయి. ఆయన భుజం ఆనించి నిలబడ్డాడు. వంతులు వేసుకుని ఫైరువాళ్ళూ ఆనించారు. కాసేపటికి పక్కన ఇంకో భుజం వచ్చి ఆనింది. చూస్తే అత్తగారు. బల్ల మరోసారి అదిరాక, ఆవిడ మెల్లగా అంది.

"ఆ తలుపే ఉంటే మనం ఇలా నెట్టుకుంటూ నిలబడక్కర్లేదు కదూ?"

"అవునత్తయ్యగారూ."

"మంచి తలుపండీ. నేనే సరిగ్గా చూడలేదు."

ఆయన బల్లను ఇంకాస్త గట్టిగా నెట్టాడు. అయితే అంతమందిలో ఈ మాట విన్నవాళ్ళు ఒక్కరూ లేరని గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళు మండింది. కొంచెం గట్టిగా చెప్పమని అడగడం బాగుండదని ఊరుకున్నాడు.

సాయంత్రానికి గాలి తగ్గింది. బల్ల ఊడదీసి అందరూ బయటికి వచ్చారు. వీధి పొడుగునా అద్దాలు, పెంకులు, రేకులు. ఆ ఇంట్లో మాత్రం ఒక్క అద్దం కూడా చెదరలేదు. ఆఫీసరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, ప్రతి ఇంటివాళ్ళూ ఈయనలాగే ముందుజాగ్రత్త పడాలని ఇందాక కసిరిన నోటితోనే మైకులో పొగిడింది. తర్వాత నష్టాల రిజిస్టరు తెరిచి ఇంటింటి వివరాలు రాసుకుంటూ వచ్చింది. డ్రాఫ్ట్స్‌మన్ తన వీధి తలుపు సంగతి చెప్పాడు. ఆవిడ పెన్నుకు మూత పెట్టింది.

అది తుఫాను రాకముందే పగిలింది కాబట్టి, తుఫాను నష్టం కింద రాయడం కుదరదట.